లెక్క ఒకరిది, సంతకం మరొకరిది

వాన, పంట, వాతావరణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ తిరిగి తిరిగి ఒక్క చోటికే చేరాయి. ప్రభుత్వంలో ఇన్ని శాఖలు వాతావరణ మార్పు మీద పరిశోధన చేస్తున్నాయి కదా, ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా, మాట్లాడుకుంటే ఆ ఫలితం మా దాకా ఎందుకు రావడం లేదు అని. కొందరు మర్యాదగా అడిగారు, కొందరు మండిపడ్డారు. రాయలసీమలో ఒక వ్యవసాయ వాతావరణ విభాగంలో పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి, తిట్లలో నా వాటా నేను తీసుకుని జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మాది కదిరి దగ్గర పల్లె. వేరుశనగ వేస్తాం. జూన్ వచ్చిందంటే నా ఫోనుకు వాన గురించి నాలుగు చోట్ల నుంచి సందేశాలు వస్తాయి. ఒకరు భారీ వర్షం అంటారు, ఒకరు తేలికపాటి జల్లులు అంటారు. అందరూ ప్రభుత్వం వాళ్లే. ఎవరి మాట విని విత్తనం వేయాలి?
— ఒక రైతు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: నాలుగు చోట్ల నుంచి వచ్చినా ఆ సందేశాల మూలం చాలావరకు ఒక్కటే, భారత వాతావరణ శాఖ అంచనా. తేడా వచ్చేది మధ్యలో. ఒక సందేశం రాయలసీమ మొత్తానికి చెప్పింది, ఇంకొకటి మీ జిల్లాకు, మూడోది మీ మండలానికి. ఒకటి రేపటి సంగతి, ఒకటి రాబోయే ఐదు రోజుల సంగతి. అందుకని సందేశం రాగానే వాన ఎంత అని చూడకండి. ఎక్కడికి, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు అన్నది ముందు చూడండి.

తర్వాత మాటల సంగతి. వాతావరణ శాఖ 'భారీ' అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి అని అర్థం. 'తేలికపాటి' అంటే 15.5 మిల్లీమీటర్ల లోపు. 'ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు' అని వచ్చిందనుకోండి, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని చోట్ల మాత్రమే అంత వాన పడొచ్చని దాని భావం. మీ పొలం ఆ నాలుగో వంతులో ఉంటుందో మిగిలిన మూడు వంతుల్లో ఉంటుందో ఆ వాక్యం చెప్పదు. కాబట్టి ఒకరు భారీ అని, ఇంకొకరు జల్లులు అని అన్నా, ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. సందేశం రాసేవారు ఈ వివరం ఒక్క ముక్కలో కలిపితే సగం గొడవ తీరుతుంది. ఎందుకు కలపరో నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడూ అంతుపట్టలేదు, ఇప్పుడూ పట్టడం లేదు.

మీకు నేను సూచించేది మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా. అది ఎలా తయారవుతుందో చెబుతాను. వాతావరణ శాఖ నుంచి జిల్లాకు ఐదు రోజుల పట్టిక వస్తుంది. అందులో వాన, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు, గాలిలో తేమ, గాలి వేగం, గాలి దిశ, ఆకాశంలో మబ్బు ఎంత అనేవి ఉంటాయి. పట్టికలో ఉన్నవన్నీ అంకెలే, పంట పేరు ఎక్కడా ఉండదు. విశ్వవిద్యాలయ పరిశోధనా కేంద్రంలో మేము ఆ పట్టిక ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లం. సేద్య శాస్త్రవేత్త ఒకరు, పురుగుల శాస్త్రవేత్త ఒకరు, తెగుళ్ల శాస్త్రవేత్త ఒకరు. తొలకరికి పెద్ద వాన సూచన ఉందంటే పురుగుల శాస్త్రవేత్త కలం ముందుకు వచ్చేది. ఆ వాన తడికి భూమిలోని ఎర్ర గొంగళి పురుగు కోశస్థ దశ వీడి రెక్కల పురుగులై బయటికి వస్తాయి, రాత్రి దీపపు ఎరలు, మంటలు పెట్టండి అని రాయించేవారు. మబ్బు, తేమ కలిసి నాలుగు రోజులు ఉంటాయంటే తెగుళ్ల శాస్త్రవేత్త వేరుశనగకు వచ్చే తిక్క ఆకుమచ్చ తెగులు గురించి హెచ్చరించేవారు. వాన అంకె దిల్లీ నుంచి వస్తుంది, 'ఎర్ర గొంగళి పురుగు' అన్న మాట మాత్రం అక్కడి నుంచి రాదు. రెండు శాఖలు ఒక కాగితం మీద కలవడమంటే నాకు తెలిసి ఇదే.

ఇలాంటి విభాగాలు దేశంలో 130 ఉన్నాయి. ఒక్కొక్కటి కొన్ని జిల్లాలకు కలిపి పనిచేస్తుంది. అది చాలదని 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా స్థాయి విభాగాలు కూడా పెట్టారు. 2024 మార్చిలో వాటిని మూసేశారు. మండలానికి సరిపడే సలహా రాయాలంటే మండలం తెలిసిన మనిషి కావాలి. ఉన్న మనిషిని ఇంటికి పంపి, సూపర్ కంప్యూటర్ కొన్నామని చెబితే నాకు సంతోషం కలగదు.

ఇక విత్తనం మాట. సందేశం చూసి వేయకండి, పడిన వాన చూసి వేయండి. ఎర్ర నేలలో నాలుగైదు అంగుళాల లోతు తడి దిగిందా లేదా గడ్డపారతో తవ్వి చూడండి. దిగితే, రాబోయే ఐదు రోజుల అంచనా చూసుకుని విత్తండి. జూలై దాటిపోయినా తడి దిగకపోతే వేరుశనగ మీద పట్టుదల మానుకోండి. మీ జిల్లాకు హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, అంటే క్రీడా, విశ్వవిద్యాలయంతో కలిసి తయారుచేసిన ప్రత్యామ్నాయ పంటల ప్రణాళిక ఉంది. రైతు సేవా కేంద్రంలో అడిగి చూడండి. ఆలస్యమైన ఏడు ఉలవ, అలసంద, కొర్ర లాంటివి ఎప్పుడు వేయాలో దానిలో వారాల వారీగా ఉంటుంది.

ప్రశ్న: ఎల్ నినో వస్తే కరువు ఖాయమేనా?
— ఇంటర్ విద్యార్థి, నల్లగొండ

జవాబు: కాదు. ఎల్ నినో అంటే పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖ దగ్గరి నీరు మామూలు కంటే వేడెక్కడం. 1997లో చాలా బలమైన ఎల్ నినో వచ్చింది, ఆ ఏడు దేశంలో నైరుతి వానలు సాధారణంగానే పడ్డాయి. 2002, 2009, 2015లో ఎల్ నినోతో పాటు లోటూ వచ్చింది. 2009లో దీర్ఘకాలిక సగటులో 78 శాతమే పడింది. హిందూ మహాసముద్రం వేడి తీరు కూడా ఇందులో చేయి వేస్తుంది. టీవీలో ఎల్ నినో అన్న మాట వినగానే మీ నాన్నగారు ఎద్దులను అమ్మకుండా చూడండి.

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లోనే వాతావరణానికి సంబంధించిన సంస్థలు అరడజను ఉన్నాయని పిల్లలకు పాఠం చెబుతుంటాను. ఒక విద్యార్థి లేచి, 'టీచర్, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా?' అని అడిగాడు. ఏమి చెప్పాలి?
— ఉపాధ్యాయిని, వనపర్తి

జవాబు: ఆ పిల్లవాడి ప్రశ్న పార్లమెంటులో అడగాల్సింది. మీరు చెప్పిన సంస్థలనే చూద్దాం. సంతోష్‌నగర్‌లో క్రీడా, వ్యవసాయ మంత్రిత్వ శాఖ పరిధిలోని భారత వ్యవసాయ పరిశోధనా మండలిది. బాలానగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం, అంతరిక్ష శాఖది. ప్రగతినగర్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, బేగంపేటలో వాతావరణ కేంద్రం, ఈ రెండూ భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖవి. ఉప్పల్ దగ్గర భూభౌతిక పరిశోధనా సంస్థ, అది శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి, అంటే సీఎస్‌ఐఆర్‌ది. గచ్చిబౌలిలో పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధనా సంస్థ ఈపీటీఆర్ఐ, అది రాష్ట్ర ప్రభుత్వానిది. రెండు తెలుగు రాష్ట్రాల వాతావరణ మార్పు కార్యాచరణ ప్రణాళికలు తయారుచేసే పని దాని మీదే పడింది. ఒకే ఊళ్లో ఇన్ని. ఎవరి బడ్జెట్ వారిది, ఎవరి వార్షిక నివేదిక వారిది, మామూలు రోజుల్లో ఎవరికి వారే యమునా తీరే.

కాని తుఫాను వచ్చిందంటే వీళ్లే ఒక్క గదిలో ఉన్నట్టు పనిచేస్తారు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి తుఫానుకు వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి హెచ్చరిక, 48 గంటల ముందు రెండోది, 24 గంటల ముందు మూడోది, 12 గంటల ముందు నాలుగోది ఇస్తుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉన్న డాప్లర్ రాడార్లు మబ్బును వెంటాడుతుంటాయి. ఉప్పెన ఎన్ని మీటర్లు లేస్తుంది, ఏ తీరం ఎంత లోపలికి మునుగుతుంది అన్నది ఇన్‌కాయిస్ లెక్కగట్టి ఇస్తుంది. నదికి వరద ఎంత వస్తుందో కేంద్ర జలసంఘం చెబుతుంది. తుఫాను దాటాక ఎక్కడ నీళ్లు నిలిచాయో బాలానగర్ నుంచి ఉపగ్రహ పటాలు వస్తాయి. ఇవన్నీ చివరికి ఒక్క బల్ల మీదికి, జిల్లా కలెక్టర్ బల్ల మీదికి చేరతాయి. ఏ గ్రామాలను ఖాళీ చేయించాలి అన్న కాగితం మీద ఒక్క సంతకం పడుతుంది.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు 10 వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు ఒడిశా, ఆంధ్ర తీరాల్లో దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవారు పదుల్లోనే ఉన్నారు. ఈ తేడాకు ఉపగ్రహాలు, రాడార్లు కారణమే, కాదనను. కాని నిర్ణయం ఏమిటో, ఎవరు తీసుకోవాలో, ఏ గంటలోపు తీసుకోవాలో అందరికీ ముందే తెలిసి ఉండడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. శాఖలను కలిపింది ఆ గడువు.

గడువు లేని చోట ఏమవుతుందో చూడండి. 2008 జూన్ 30న జాతీయ వాతావరణ మార్పు కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి ఎనిమిది మిషన్లు పెట్టారు. అన్ని శాఖల పరిజ్ఞానాన్ని ఒక చోట చేర్చే మిషన్ కూడా వాటిలో ఒకటి, దాన్ని శాస్త్ర సాంకేతిక శాఖకు అప్పగించారు. 2009లో పర్యావరణ మంత్రిత్వ శాఖ వందకు పైగా సంస్థలను కలిపి ఇంకొక బృందాన్ని ఏర్పాటు చేసింది. ఆ బృందం 2010 నవంబర్‌లో మంచి నివేదికే ఇచ్చింది. వ్యవసాయం, నీరు, అడవులు, ఆరోగ్యం అనే నాలుగు రంగాలు, హిమాలయాలు, పశ్చిమ కనుమలు, తీర మైదానాలు, ఈశాన్యం అనే నాలుగు ప్రాంతాలు తీసుకుని 2030ల నాటికి ఏమవుతుందో అంచనా వేసింది. ఆ ఊపు తర్వాత సాగలేదు. 2020లో భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ పుణె శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో మరో పెద్ద నివేదిక తెచ్చింది. 1901 నుంచి 2018 వరకు దేశ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగిందని, 1951 నుంచి 2015 వరకు నైరుతి వాన దాదాపు 6 శాతం తగ్గిందని చెప్పింది. గట్టి శాస్త్రం. అయితే దాన్ని చదివి ఫలానా తేదీలోపు ఫలానా అధికారి జవాబు చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు.

ఏ జిల్లాకు ముప్పు ఎక్కువ అన్న సంగతే తీసుకోండి. 2019లో క్రీడా 573 గ్రామీణ జిల్లాలను లెక్కగట్టి 310 జిల్లాల వ్యవసాయానికి ముప్పు ఎక్కువ లేదా చాలా ఎక్కువ అంది. 2021లో శాస్త్ర సాంకేతిక శాఖ ఐఐటీలు, ఐఐఎస్‌సీతో రాష్ట్రాలకు, జిల్లాలకు వేరే పద్ధతిలో మరో పటం గీయించింది. 2022 జనవరిలో వాతావరణ శాఖ 13 రకాల విపత్తులకు తన అట్లాసు తాను విడుదల చేసింది. మూడూ తప్పు కావు. ఒకటి పంట గురించి, ఒకటి మనుషుల స్థితిగతుల గురించి, ఒకటి గాలివాన గురించి. కాని చెరువుల మరమ్మతుకు డబ్బు ముందు ఏ మండలానికి ఇవ్వాలి అని తలపట్టుకున్న అధికారికి ఈ మూడింటినీ ఒక్క పేజీలో కలిపి ఇచ్చేవారు ఎవరు? ఎవరి ఉద్యోగ బాధ్యతల్లోనూ ఆ పని రాసి లేదు.

మీ విద్యార్థికి ఇంత చెప్పనక్కర్లేదు. 'తుఫానుకు మాట్లాడుకుంటారు, కరువుకు ఉత్తరాలు రాసుకుంటారు' అని చెప్పండి.

ప్రశ్న: కరువు అంటే గుర్తొచ్చింది. (ఈ మాట నాది, ఉత్తరం ఇలా ఉంది:) మా ఊళ్లో ఆగస్టంతా చినుకు లేదు. కంది ఎండిపోయింది. మండలం మాత్రం కరువు జాబితాలో లేదు. మండల కేంద్రంలో ఒకరోజు కుంభవృష్టి పడిందట. మా కరువును దిల్లీలో ఎవరో కంప్యూటర్‌లో చూసి లేదన్నారని చెబుతున్నారు. ఇది న్యాయమా?
— మార్కాపురం ప్రాంత రైతు

జవాబు: కంప్యూటర్ ఒక్కటే కాదు, చాలామంది చూశాకే ఆ జాబితా వస్తుంది. 2016లో కేంద్ర వ్యవసాయ శాఖ కరువు నిర్వహణ మాన్యువల్‌ను తిరగరాసింది. దాని ప్రకారం మొదట రెండు విషయాలు చూడాలి. సాధారణంతో పోలిస్తే వాన ఎంత తగ్గింది, మూడు నాలుగు వారాల పాటు వరుసగా సాధారణంలో సగం కూడా పడని పొడి కాలం వచ్చిందా అని. ఈ మెట్టు దాటితే ప్రభావం చూస్తారు. సాగైన విస్తీర్ణం, ఉపగ్రహానికి కనిపించే పైరు పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భ జలాల మట్టం. చివరిగా పది శాతం గ్రామాల్లో పొలాలకు వెళ్లి కంటితో చూసి రావాలి. ఖరీఫ్ కరువును అక్టోబర్ 30 లోపు ప్రకటించాలి. వాతావరణ శాఖ, ఉపగ్రహ కేంద్రాలు, భూగర్భ జల శాఖ, వ్యవసాయ శాఖ, రెవెన్యూ, అందరూ ఏ వరుసలో ఏమి ఇవ్వాలో ఇంత స్పష్టంగా రాసుకున్న కాగితం మన పరిపాలనలో అరుదు. అది రాసినవారిని నేను మెచ్చుకుంటాను.

చిక్కు దాని అమలులో ఉంది. మీ ఉత్తరంలోని కుంభవృష్టే తీసుకోండి. ఒక్క రోజులో పడిన 90 మిల్లీమీటర్లు నెల లెక్కను నింపేస్తాయి, కందికి ఏమీ మిగలదు. అందుకే పొడి వారాల నియమం పెట్టారు, దరఖాస్తులో మీరు పట్టుకోవలసింది దాన్నే. ఉపగ్రహానికీ కష్టాలున్నాయి. మబ్బు కమ్మితే మామూలు కెమెరాకు నేల కనిపించదు. బీడులో సర్కారు తుమ్మ పచ్చగా ఉంటే, జాగ్రత్తగా వేరు చేయకపోతే అదీ పైరులాగే లెక్కకెక్కుతుంది. పొలం తనిఖీ ఉన్నది ఇందుకే. ఆ తనిఖీని కుర్చీలో కూర్చుని ముగించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. పైగా 'తీవ్రం' అన్న ముద్ర పడితేనే కేంద్ర విపత్తు నిధి వైపు దారి తెరుచుకుంటుంది, 'మధ్యస్థం' అంటే రాష్ట్రం తన జేబులోంచే చూసుకోవాలి. డబ్బు ఒక మాట మీద ఆధారపడినప్పుడు ఆ మాట చుట్టూ లెక్కలు మెలికలు తిరుగుతాయి. ఇది శాస్త్రవేత్తల తప్పు కాదు.

మీరు చేయదగింది ఒకటుంది. రాష్ట్ర ప్రణాళికా సంస్థకు స్వయంచాలిత వర్షమాపక కేంద్రాలు ఉన్నాయి. మీ ఊరికి దగ్గరలో ఉన్నది మండల కార్యాలయంలో ఉన్న మాపకం కాకపోవచ్చు. ఆ కేంద్రం రోజువారీ లెక్క తీసుకుని, పొడి వారాలు ఎన్నో గుర్తు పెట్టి, దరఖాస్తుకు జతచేయండి. ఫొటోల కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: ఉప్పాడలో మా తాతల నాటి వీధి ఇప్పుడు సముద్రంలో ఉంది. ఎప్పుడూ ఎవరో ఒకరు కొలతలు తీసుకుని వెళుతుంటారు. ఎవరు ఎవరో తెలియదు. కొలిచిన తర్వాత గోడ ఎందుకు రాదు?
— మత్స్యకారుడు, కాకినాడ జిల్లా

జవాబు: బాబూ, ఎవరు ఎవరో నేను చెబుతాను. చెన్నైలో జాతీయ తీర పరిశోధనా కేంద్రం ఉంది, భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖది. అదే చెన్నైలో జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం కూడా ఉంది, పర్యావరణ మంత్రిత్వ శాఖది. ఇద్దరూ తీరం కోతను పటాల మీద గీస్తారు. అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం, కేంద్ర జలసంఘం కలిసి మరో తీర అట్లాసు చేశాయి. అలల ముప్పు రేఖ గీయడానికి సర్వే ఆఫ్ ఇండియా కొలతలు వేరే. దేశ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని ఈ కొలతల వల్లే తెలిసింది కాబట్టి వాటిని తీసిపారేయను.

కాని మీ తీరం కోతకు కారణాలు ఒక శాఖ పరిధిలో ఇమడవు. గోదావరి తెచ్చే ఒండ్రు, ఇసుక పైన జలాశయాల్లో ఆగిపోతోంది, అది జలవనరుల శాఖ సంగతి. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకమేట పెరిగిన తీరు, ఓడరేవు కట్టడాలు అలల దారిని మార్చాయి, అది ఓడరేవుల వారి సంగతి. 1993 నుంచి 2017 వరకు ఉత్తర హిందూ మహాసముద్రం మట్టం ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది, అది ఎవరి సంగతీ కాదు, అందరి సంగతీ. గోడ కట్టే ఇంజినీరు దగ్గరకు వచ్చేసరికి ఇవేవీ లేకుండా ఒక్క అంచనా వ్యయం మాత్రమే వస్తుంది. మీ ఊళ్లో జియోట్యూబుల గోడ, అంటే ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచుల గోడ, కట్టారు, సముద్రం దాన్ని ఏమి చేసిందో నాకంటే మీకే బాగా తెలుసు. గోడ కడితే దాని చివర దాటిన చోట కోత పెరగవచ్చు కాబట్టి పక్క ఊరి వారినీ కూర్చోబెట్టి నిర్ణయించాల్సిన విషయం ఇది.

ఇన్‌కాయిస్ చేపల మండలాల సమాచారం మాత్రం మీకు నేరుగా చేరుతోందని మీ ఉత్తరం చివర రాశారు. ఉపగ్రహం సముద్రపు వేడిని, నీటి పచ్చదనాన్ని చూస్తుంది, చేప ఎక్కడ చేరుతుందో లెక్కగట్టి, దిక్కు, దూరం, లోతు తెలుగులో మీకు పంపుతారు. ఏ ఉదయం ఎటు పోవాలి అని మీరు తీసుకునే నిర్ణయాన్ని బట్టి ఆ సమాచారం తయారైంది. గోడకు అలాంటి లెక్క ఎవరూ చేయలేదు.

ప్రశ్న: మేము ఉండే అమెరికాలో వాతావరణ పరిశోధన సమన్వయానికి చట్టమే ఉంది. మన దేశంలోనూ అలాంటిది తెస్తే అన్నీ సర్దుకుంటాయి కదా?
— డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు

జవాబు: సగం ఒప్పుకుంటాను. 1990లో వచ్చిన ఆ చట్టం డజనుకు పైగా శాఖలను, నాసా, సముద్ర వాతావరణ సంస్థ నోవా, వ్యవసాయ శాఖ మొదలైన వాటిని ఒక కార్యక్రమం కిందికి తెచ్చింది. నాలుగేళ్లకు ఒకసారైనా దేశం మొత్తానికి వాతావరణ మదింపు ఇవ్వాలని గడువు పెట్టింది. గడువు పెట్టినా తొలి నివేదిక 2000లో గాని రాలేదు. తర్వాతది ఆలస్యమైతే కొందరు కోర్టుకు వెళ్లారు, 2007లో కోర్టు ప్రభుత్వానిది చట్ట ఉల్లంఘనే అని తేల్చింది. 2009, 2014, 2018, 2023లో నివేదికలు వచ్చాయి. ప్రాంతాల వారీగా అధ్యాయాలు ఉండడంతో నగరాలు, నీటి సంస్థలు వాటిని నిజంగానే వాడుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో ఆరో నివేదిక రాస్తున్న దాదాపు 400 మందిని ప్రభుత్వం పంపించివేసింది. ఆ వేసవిలోనే పాత నివేదికలు ఉన్న వెబ్‌సైటు కూడా కనబడకుండా పోయింది. చట్టం ఉండగానే ఇదంతా జరిగింది.

అయినా నాకు చట్టం కావాలి. గడువు తప్పితే కోర్టు మెట్లు ఎక్కే వీలు పౌరుడికి అదే ఇచ్చింది. మన 2008 ప్రణాళిక చట్టం కాదు, తీర్మానం. బ్రిటన్ 2008 చట్టం ఇంకొంచెం తెలివైనది. ఐదేళ్లకొకసారి ముప్పు అంచనా వేయడంతో ఆగకుండా, దానికి ప్రభుత్వం ఏమి చేస్తుందో పార్లమెంటుకు చెప్పాలి. పరిశోధన తర్వాత జవాబు అన్న ఆ రెండో అడుగు నాకు నచ్చింది.

మీ దేశంలో జరిగింది మనకు దూరపు వార్త కాదు. 2012లో మొదలైన మన రుతుపవన మిషన్ వాతావరణాన్ని అంచనా వేసే అమెరికా సంస్థ కంప్యూటర్ నమూనానే తీసుకుని మన వానలకు తగ్గట్టు సవరించుకుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహంలో ఒక రాడార్ నాసాది, ఒకటి ఇస్రోది. మబ్బులోంచి కూడా నేలను చూసే ఉపగ్రహం అది, పన్నెండు రోజులకోసారి అదే చోటికి వస్తుంది. మార్కాపురం రైతు కంది చేను మబ్బు కింద ఉన్నా కనిపించే రోజు రావచ్చు.

ప్రశ్న: పట్టణంలో వాననీటి కాలువల డిజైనుకు వాతావరణ మార్పు నివేదికల్లో ఏ అంకె తీసుకోవాలి?
— మున్సిపల్ ఇంజినీరు, పేరు వద్దన్నారు

జవాబు: ఆ నివేదికల్లోంచి ఏదీ తీసుకోకండి. అవి దేశానికి, ప్రాంతానికి రాసినవి. మీ కాలువ పొంగేది రోజు మొత్తం వానకు కాదు, ఆ అరగంట వానకు. దగ్గరలోని స్వయంచాలిత కేంద్రం నుంచి పదిహేను నిమిషాల లెక్కలు ఎన్నేళ్లవి దొరికితే అన్నేళ్లవి అడిగి తీసుకోండి. 2019లో కేంద్ర పట్టణ శాఖ ఇచ్చిన వాననీటి మాన్యువల్‌లో పద్ధతి ఉంది. లెక్కలు ఇవ్వడానికి మరో కార్యాలయం డబ్బు అడిగితే, ఆ సంగతి లిఖితపూర్వకంగా రాసి కమిషనర్ ముందు పెట్టండి. ఒక ప్రభుత్వ కార్యాలయం లెక్క కోసం ఇంకొక ప్రభుత్వ కార్యాలయం చలానా కట్టడం నేను కళ్లారా చూశాను.

ప్రశ్న: నేను సర్పంచ్‌ని. దిల్లీ, హైదరాబాద్ సంగతి సరే, మా స్థాయిలో ఈ శాఖలన్నింటినీ ఒక చోట కూర్చోబెట్టే వీలు ఉందా?
— ఒక మహిళా సర్పంచ్, ప్రకాశం జిల్లా

జవాబు: ఉందమ్మా. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. కలెక్టర్ దానికి అధ్యక్షులు, ఎన్నికైన ప్రతినిధిగా జిల్లా పరిషత్ అధ్యక్షులు సహాధ్యక్షులు. జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించి సవరించాలని అదే చట్టం చెబుతోంది. ఆ ప్రణాళిక ప్రతి అడిగి తీసుకుని, చివరిసారి సవరించిన తేదీ ఏదో మొదట చూడండి. మీ మండలం పేరు అందులో ఎన్ని చోట్ల ఉందో, ఉన్న చోట ఏమి రాశారో తర్వాత చూడండి. ఏప్రిల్ మధ్యలో వాతావరణ శాఖ నైరుతి తొలి అంచనా ఇస్తుంది, మే చివర సవరిస్తుంది. ఈ రెండింటి మధ్య సమీక్ష పెట్టమని మీ జిల్లా పరిషత్ అధ్యక్షులకు మీరు, చుట్టుపక్కల సర్పంచులు కలిసి ఉత్తరం రాయండి. వ్యవసాయ, భూగర్భ జల, వైద్య, పశుసంవర్ధక శాఖల వారితో పాటు దగ్గరలోని వ్యవసాయ వాతావరణ విభాగం శాస్త్రవేత్తను పిలవమని పేరు పెట్టి అడగండి. సాధారణంగా ఆయన్ని ఎవరూ పిలవరు. సమావేశంలో విత్తనాలు, తాగునీటి ట్యాంకర్లు, పశుగ్రాసం, ఈ మూడింటికీ ఏ తేదీకి ఎవరు సంతకం చేయాలో మినిట్స్‌లో రాయించండి. ప్రణాళిక ప్రతి ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. జూన్‌లో పెడితే వాన వెళ్లాక జవాబు వస్తుంది కాబట్టి ఫిబ్రవరిలోనే పెట్టండి.